రిఫరీతో చెప్పిన మాట

పుంగనూరులో నేనిప్పుడు ఆట నేర్పుతున్న మైదానానికి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు మొదటి వారంలోనే ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మీరు మొత్తం ఎన్ని గోల్స్ కొట్టినారు?"

రెండు అంటాను. మొహాలు చిన్నబోతాయి. అందులో ఒకటి పొరపాటున మా గోల్‌లోకే పోయిందని చెప్పగానే ఒకరి మీద ఒకరు పడి నవ్వుతారు. నవ్వనిస్తాను. పన్నెండేళ్లకు పైగా ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకున్న మనిషిని నేను. నాకు జీతం ఇచ్చింది గోల్స్ కొట్టడానికి కాదు, కొట్టనివ్వకపోవడానికి. నేను సెంటర్ బ్యాక్‌ని. గోల్‌కీపర్‌కు ముందు, మిగతా అందరికీ వెనక నిలబడే డిఫెండర్‌ని. మా పని బాగా సాగిన రోజున మైదానంలో ఏమీ జరగనట్టే ఉంటుంది. అందుకే మా ఫొటోలు పేపర్లో పడవు. ఒకవేళ పడినా, ఎదుటి జట్టు అమ్మాయి గోల్ కొట్టి గాల్లోకి ఎగురుతుంటే వెనకాల నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాం.

నేను మంచి డిఫెండర్‌ని. వినయం కోసం తగ్గించి చెప్పడం నాకు చేతకాదు. నన్ను దాటి పోయిన స్ట్రైకర్లు ఉన్నారు కానీ సుఖంగా దాటిపోయిన వాళ్లు లేరు. అయినా జనం నా ఉద్యోగంలో గుర్తుపెట్టుకున్నది నేను బంతిని ఆపిన రోజు కాదు, ఆటను ఆపిన రోజు. ఇప్పటికీ కుప్పంలో బస్సు దిగితే ఎవరో ఒకరు ఆగి చూసి, "ఆ పొద్దు గోల్‌కీపర్‌ను బయటికి పంపిండేది నువ్వే కదమ్మా" అంటారు. ఆ సంగతి చాలామంది చాలా రకాలుగా చెప్పారు. నేను చెప్పడం ఇదే మొదలు.

మాది తంబళ్లపల్లె వైపు మెట్ట ఊరు. ఇంట్లో గొర్రెలు, వానొచ్చిన ఏడు వేరుశనగ. ఇంటర్ చదవడానికి మదనపల్లె వచ్చి హాస్టల్లో చేరాను. కాలేజీ టీముకు పదకొండో మనిషి దొరక్క, పొడుగ్గా ఉన్నానని నన్ను లాక్కెళ్లి వెనక నిలబెట్టారు. "బంతి వస్తే ముందుకు తన్ను, మనిషి వస్తే అడ్డం నిలబడు, అంతే" అన్నారు ఆటల మేడమ్. ఆ తర్వాత నాకు చాలామంది చాలా నేర్పారు కానీ అంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు. అక్కడి నుంచి యూనివర్సిటీ జట్టు, ఆ పైన బెంగళూరులో ఒక క్లబ్బు. అక్కడే చాలా ఏళ్లు ఆడాను. మోకాలికి ఆపరేషన్ అయ్యాక పరుగు కాస్త తగ్గింది. సీజన్ అయిపోగానే క్లబ్బు వాళ్లు శాలువా కప్పి, పూలగుత్తి చేతికిచ్చి, ఒప్పందం మాత్రం పొడిగించలేదు. ఈ ఉద్యోగంలో అది మామూలే. నాలో ఇంకా ఆట మిగిలి ఉందని నాకు తెలుసు కాబట్టి శాలువా మడిచి పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ ఏడే మదనపల్లె టమోటా మండీలో వ్యాపారం చేసే ఒక షావుకారు ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు పెట్టాడు. బెంగళూరులో ఏదో మ్యాచ్ చూసి వచ్చి, మన పక్క ఆడపిల్లలు ఇంతకంటే బాగా పరిగెత్తుతారని తోటి వ్యాపారులతో పందెం కట్టాడట. మా చొక్కాల రంగేమిటో వేరే చెప్పనక్కర్లేదు. లీగులో రెండో డివిజన్‌లో చోటు దొరికింది. హాస్టల్ మదనపల్లెలో, ప్రాక్టీసు పుంగనూరులో, మా సొంత మ్యాచ్‌లు కుప్పంలో. గడ్డి సరిగ్గా ఉన్న మైదానం అక్కడే ఉండేది మరి. మా బతుకులో సగం పలమనేరు రోడ్డు మీద బస్సులోనే గడిచింది. పెద్ద క్లబ్బులో ఆడొచ్చాను కాబట్టి నన్ను కెప్టెన్ చేశారు. కోచ్‌ది అనంతపురం. మాట కటువు, మనసు మెత్తన. ఓడిన రోజు అన్నం తినేవాడు కాదు.

మా గోల్‌కీపర్ కుప్పం పిల్ల. నాకంటే బాగా చిన్నది. నాన్న గ్రానైట్ క్వారీలో పని చేసేవాడు, అమ్మ ఇంట్లో పట్టుపురుగులు పెంచేది. సగం తెలుగు, సగం తమిళం మాట్లాడేది. కోపం వస్తే మొత్తం తమిళమే. బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయేది, లేచి నా సంచిలోని బొరుగులు తినేది. బంతి కోసం గోల్ వదిలి బయటికి వచ్చిందంటే ఎదురుగా ఉన్నది మనిషా గోడా అని చూసేది కాదు. ఆటలో ఆమె నా వీపు వెనక ఉండేది. ఆమెను నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. "అక్కా, ఎడమ పక్క!" అంటే ఎడమకు జరిగేదాన్ని. "వదిలెయ్, నాది!" అంటే వంగి బంతిని వదిలేసేదాన్ని. ఒక గొంతును అంతగా నమ్మడం నా జీవితంలో ఆ రెండేళ్లే.

రెండో ఏడు మా జట్టు కుదురుకుంది. చివరి మ్యాచ్‌కు వచ్చేసరికి పరిస్థితి ఇదీ: కుప్పంలో మా సొంత మైదానం మీద ఆట. ఓడకుండా ఉంటే చాలు, సమానంగా ముగిసినా మొదటి డివిజన్‌కు వెళ్తాం. ఎదుటి జట్టు మాత్రం గెలిచి తీరాలి. ఆ ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? నాకు శాలువా కప్పిన బెంగళూరు క్లబ్బే. అంతకు ముందు ఏడు బాగా ఆడక వాళ్లు కింది డివిజన్‌కు పడిపోయారు. వాళ్ల స్ట్రైకర్ ఒకప్పుడు నా గదిలో నా పక్క మంచం మీద పడుకున్న అమ్మాయి. కుడికాలితో కొట్టబోయే ముందు ఆమె ఎడమ భుజం కొంచెం దించుతుందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కుప్పం కుప్పమంతా మైదానం చుట్టూ చేరింది. గుడుపల్లె నుంచి ఆటోల్లో వచ్చారు. కూర్చోవడానికి కుర్చీలు చాలవని షావుకారు లారీ నిండా టమోటా క్రేట్లు పంపించాడు. వాటిని బోర్లించుకుని జనం కూర్చున్నారు. కీపర్ వాళ్ల అమ్మ గోల్ వెనకాలే క్రేటు వేసుకుని కూర్చుంది.

మొదటి సగం సున్నా సున్నా. నేను బాగా ఆడాను. స్ట్రైకర్ భుజం దించినప్పుడల్లా నేను అక్కడ ఉన్నాను. ఒకసారి ఆమె విసుగొచ్చి, "నువ్వింకా రిటైర్ కాలేదా?" అని కన్నడంలో అడిగింది. "నీ పెళ్లి చూసి అవుతా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండో సగంలో జరిగింది అది. కుడి పక్క నుంచి బంతి ఎత్తుగా మా గోల్ ముందుకు వచ్చింది. "నాది!" అని వెనక నుంచి గొంతు వినబడింది. నేను వంగాను. కీపర్ నా తల మీదుగా ఎగిరి బంతిని బయటికి గుద్దింది. అదే ఊపులో స్ట్రైకర్ ఎగిరింది. ఆమె మోకాలు కీపర్ కణతకు తగిలింది. కావాలని కొట్టింది కాదు, నేను పక్కనే ఉన్నాను. ఇద్దరూ కింద పడ్డారు. స్ట్రైకర్ లేచింది. మా పిల్ల వెంటనే లేవలేదు. జనం గోల ఆగిపోయింది. కాసేపటికి తనే చేతులు ఆనించి లేచి నిలబడింది. చప్పట్లు మోగాయి.

నేను దగ్గరికి పోయాను. ఆమె నా చొక్కా పట్టుకుని, ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగింది.

"అక్కా, మనం ఏ పక్కకు కొడతాండాం?"

వేళాకోళం అనుకున్నాను. "ఏమే?" అన్నాను.

"మన గోల్ ఏదక్కా?"

ఆమె వీపు మా గోల్ స్తంభానికి ఆని ఉంది.

అంతలో కోచ్ నీళ్ల సీసాతో పరిగెత్తుకొచ్చాడు. ఆయన వెనకాల, అంబులెన్స్‌తో వచ్చిన కుర్ర డాక్టరు. కోచ్ ఆమె గడ్డం పట్టుకుని అడిగాడు. "స్కోరెంతమ్మా?"

"జీరో జీరో సార్."

"ఇది ఏ ఊరు?"

ఆమె నవ్వింది. "మా ఊరే కదా సార్."

డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, పైకి బాగానే ఉన్నట్టుంది, గట్టిగా చెప్పలేను అన్నాడు. "నాకేమీ కాలేదు, ఆడతా" అంది కీపర్. కోచ్ ఊపిరి వదిలాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. ఆయన అడగాల్సినవి అడిగాడు, ఆమె సరిగ్గా చెప్పింది. పైగా మా రెండో కీపర్ అసలు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. గుడుపల్లె పిల్ల, వాలీబాల్ నుంచి వచ్చింది, పొడుగు తప్ప ఇంకేమీ లేదని అందరూ అనుకునేవాళ్లు.

ఆమె నన్ను అడిగింది నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. నేను నోరు మూసుకుంటే ఆట మళ్లీ మొదలవుతుంది. కీపర్ నా వైపే చూస్తోంది. తను ఏదో తప్పు మాట అన్నానని ఆ పిల్లకు లోపలెక్కడో తెలిసినట్టుంది. గ్లౌజులు బిగించుకుంటూ తల కొద్దిగా అడ్డంగా ఊపింది. చెప్పొద్దు అని.

అప్పుడు చాలా ఆలోచించానని రాస్తే బాగుంటుంది కానీ నిజం కాదు. జబ్బు చేసిన గొర్రె తల తిప్పి గుండ్రంగా తిరుగుతుంటే మా నాన్న ఏం ఆలోచిస్తాడు? పట్టుకుని పక్కకు తెస్తాడు. నేను రిఫరీ దగ్గరికి నడిచాను. ఆమెది కేరళ. "మా కీపర్‌కు తన గోల్ ఏదో తెలియడం లేదు. నన్ను అడిగింది. ఆమె ఆడకూడదు" అని హిందీలో చెప్పాను.

రిఫరీ మొహం మారిపోయింది. డాక్టర్‌ను మళ్లీ పిలిచింది. ఈసారి డాక్టరు ధైర్యంగా చెప్పాడు, అలాగైతే ఆడించడానికి వీల్లేదని. ఆ మాటతో మైదానం మీద గొడవ మొదలైంది.

"ఏం జేసినావమ్మా?" అన్నాడు కోచ్. "నువ్వు కెప్టెన్‌వా, డాక్టరువా?"

"కెప్టెన్‌ను కాబట్టే సార్."

"అబద్ధం!" అని అరిచింది కీపర్. "నేనేమీ అడగలా! అక్క అబద్ధం చెప్తాండాది సార్!"

ఆమె బుకాయించడం లేదు. అడిగిన సంగతి ఆమెకు నిజంగానే గుర్తు లేదు. అప్పటికే అది తుడిచిపెట్టుకుపోయింది. గోల్ గీత మీద కూర్చుని లేవనంది. పిడికిళ్లు బిగించింది. నేను ఎదురుగా కూర్చుని ఒక్కొక్క వేలే విప్పి గ్లౌజులు లాగేశాను. తమిళంలో నన్ను ఏమేమి తిట్టిందో అర్థం కాకపోవడమే మంచిదైంది. ఇదంతా అయ్యేసరికి చాలాసేపు పట్టింది. రిఫరీ గడియారం చూసుకుంటూ నిలబడింది. కీపర్‌ను, వాళ్ల అమ్మను అంబులెన్స్‌లో పంపించాం.

గుడుపల్లె పిల్ల గ్లౌజులు తొడుక్కుంటూ ఏడుపు మొహంతో వచ్చింది. "అక్కా, నాకు రాదక్కా."

"నీకు ఏది బాగా వస్తాదో అది చెప్పు."

"బంతిని పైకి కొట్టేది వస్తాది."

"అదే చెయ్. పట్టుకోవద్దు. కొట్టి పారేయ్. మిగిలింది మేం చూసుకుంటాం."

ఆ తర్వాత నేను ఆడిన ఆట నా ఉద్యోగంలోకెల్లా గొప్ప ఆట. చూసినవాళ్లు కూడా మరిచిపోయారు కాబట్టి నేనే చెప్పుకోవాలి. వాళ్లు అలలు అలలుగా వచ్చారు. కొత్త కీపర్ దగ్గరికి బంతి పోకూడదని మా వెనక వరసలో నలుగురం ఒకరి భుజానికి ఒకరం తాడు కట్టుకున్నట్టు కదిలాం. నుదుటితో ఆపాను, పక్కటెముకలతో ఆపాను, ఒకసారి ఎటు పోవాలో తోచక వెనకభాగంతో ఆపాను. దానికి జనం ఈలలు వేశారు. గుడుపల్లె పిల్ల కూడా రెండుసార్లు బయటికొచ్చి, వాలీబాల్ కోర్టులో నిలబడ్డట్టే బంతిని సగం మైదానం దాకా గుద్దింది. క్రేట్ల మీద కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

ఆట సమయం అయిపోయింది. సున్నా సున్నా. ఆగిపోయిన సమయానికి బదులుగా అదనపు సమయం కలపాలి కదా. నేను ఆట ఆపి వాదించినంతసేపూ రిఫరీ గడియారంలో పోగుపడి ఉంది. ఆ అదనపు సమయంలోనే, చివరి కార్నర్ కిక్‌లో, కొత్త కీపర్ బంతిని బాగానే గుద్దింది. అది పోయి పోయి స్ట్రైకర్ ముందు పడింది. ఆమె భుజం దించింది. నేను సరైన పక్కకే కాలు చాచాను. బంతి నా బూటు కిందుగా, వేళ్ల సందులోంచి జారినట్టు జారి లోపలికి పోయింది.

ఒకటి సున్నా. విజిల్.

వాళ్లు ఎగిరి గంతులేశారు. మా పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ కూలబడ్డారు. స్ట్రైకర్ గంతులు ఆపి నా దగ్గరికొచ్చి, "ఆ అమ్మాయి ఎలా ఉంది?" అని అడుగుతూ నన్ను కావలించుకుంది. ఆమె ఏడుస్తోంది. ఎవరో ఫొటో తీశారు. నా జీవితంలో పేపర్లో పెద్దగా పడిన ఫొటో అదొక్కటే.

నేను చొక్కా కూడా మార్చుకోకుండా ఆసుపత్రికి పోయాను. కీపర్ మంచం మీద ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"గెల్చినామా అక్కా?"

వాళ్ల అమ్మ నా వైపు చూసింది. "లేదు. ఒకటి సున్నా" అన్నాను.

"నేనే వదిలేసినానా?"

"నువ్వు అప్పుడు ఆడడం లేదు. నిన్ను బయటికి పంపినాం. నేనే చెప్పినా."

"యాల?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె వింటూ వింటూ గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత స్కాన్ చూసిన పెద్ద డాక్టరు తల లోపల కొద్దిగా రక్తం కారిందని, ఆపరేషన్ అక్కర్లేదని, అదే రోజు ఇంకొక దెబ్బ తగిలి ఉంటే మాత్రం తను ఈ మాట ఇంత నిదానంగా చెప్పేవాణ్ని కాదని అన్నాడు. వరండాలో వాళ్ల అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చేసింది మంచి పనేమ్మా. అయితే ఈ పిల్ల నిన్ను తిడతాది. చానా దినాలు తిడతాది. తిట్టనీ" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మాట్లాడటం మానేసింది.

ఊళ్లో మాట్లాడేవాళ్లకు మాత్రం కొదవ లేదు. మదనపల్లెలో టీ అంగడి దగ్గర నేను నిలబడి ఉండగానే ఒకాయన పేపరు చూపిస్తూ, "పాత క్లబ్బు కోసరం జేసింది. సూడు, ఎట్ల కావలించుకోనుండాదో" అన్నాడు. డాక్టరు మొదట బాగుందన్నాడని ఇంకొకాయన. స్కాన్ సంగతి చెబితే, అది తర్వాత తెలిసింది కదా, ముందే ఈమెకెట్ల తెలుసు అని మూడో ఆయన. ఆ ప్రశ్న బుద్ధిమంతుడి ప్రశ్నే. నా దగ్గర నా మాట తప్ప వేరే రుజువు లేదు. అడిగిన పిల్లకు అడిగినట్టు గుర్తు లేదు.

షావుకారు మండీకి పిలిపించాడు. చుట్టూ టమోటా గుట్టలు, వేలంపాట అరుపులు. కోచ్ కూడా ఉన్నాడు. షావుకారు కుర్చీ చూపించి, "నిన్ను ఒక్కటే అడుగుతానమ్మా. ఆ పిల్ల నిన్ను ఆ మాట అడిగిందా?" అన్నాడు.

"అడిగింది."

నా మొహంలోకి కాసేపు చూశాడు. "సరే" అన్నాడు. "జట్టు ఉంటాది. నువ్వూ ఉండు. కెప్టెన్సీ మటుకు ఇంకొకరికి ఇస్తాం. ఊరోళ్ల నోరు కాస్త చల్లబడల్ల."

"సరే అయ్యా. గుడుపల్లె పిల్లను మటుకు తీసెయ్యొద్దండి."

బయటికొచ్చాక కోచ్ నా పక్కన నడిచాడు. మండీ గేటు దాటాక అన్నాడు. "నాతో చెప్పకుండా రిఫరీతో యాల చెప్పినావమ్మా? అదొక్కటే నాకు మింగుడుపడలా."

"మీతో చెప్పుంటే మీరు ఆలోచించేవాళ్లు సార్."

ఆయన రోడ్డు పక్కన ఆగిపోయాడు. క్రేట్ల లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. "అవును" అన్నాడు. "ఆలోచించుందును." మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఒక్క మాట ఒప్పుకోగలిగిన కోచ్ కింద ఆడటం నా అదృష్టం అనుకుంటాను.

గుడుపల్లె పిల్ల ఫోను ఎత్తడం లేదని తెలిసి నేనే వాళ్ల ఊరికి పోయాను. బీన్స్ తోటలో కాయ కోస్తోంది. నన్ను చూసి గంప పక్కన పెట్టి తల దించుకుంది. "నావల్ల పోయిందక్కా. నేనింక రాను."

"ఏది నీ వల్ల పోయింది? నా బూటు కింద నుంచి పోయింది ఆ గోలు. అది నాది. నాదని నేనే చెప్తాంటే నువ్వెందుకు లాక్కుంటాండావు?"

ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది. "లాక్కునేదానికి అదేమన్నా బంగారమా అక్కా" అంది. మరుసటి సోమవారం పుంగనూరు మైదానంలో అందరికంటే ముందు వచ్చి నిలబడింది.

మొదటి కీపర్ కొన్ని నెలల తర్వాత డాక్టర్లు సరేనన్నాక వచ్చింది. చూడ్డానికి ఎప్పటిలాగే ఉంది. ప్రాక్టీసులో ఎత్తుగా ఒక బంతి వేశారు. ఆమె రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ ఆగిపోయింది. ఆ రోజు సంగతి ఆమె తలకు గుర్తు లేదు, ఒంటికి గుర్తుంది. ఎదురుగా గోడ ఉన్నా చూడని పిల్ల ఇప్పుడు ఖాళీ గాలిని చూసి ఆగుతోంది. ఎంతో కష్టపడింది. ఒక సీజన్ అంతా బెంచీ మీద కూర్చుంది. గుడుపల్లె పిల్ల మొదటి కీపర్ అయింది. నేను ఒక్క మ్యాచ్ కోసం తీసిన గ్లౌజులు ఆమెకు మళ్లీ తిరిగి రాలేదు. దీన్ని నేను చక్కెర పూసి చెప్పలేను. ఆ పని మళ్లీ చేయాల్సి వస్తే మళ్లీ చేస్తాను, ఇంకా తొందరగా చేస్తాను. కానీ దాని ఖరీదు కట్టింది నేను కాదు, ఆమె.

కోచ్ ఒకరోజు ఆమెను పిలిచి గుడుపల్లె పిల్లకు కాస్త నేర్పమన్నాడు. ఒప్పుకోదనుకున్నాం. ఒప్పుకుంది. బంతి ఎప్పుడు గుద్దాలో ఎప్పుడు పట్టుకోవాలో, అడుగు ఎక్కడ వెయ్యాలో, అన్నిటికంటే ముఖ్యంగా ఎలా అరవాలో నేర్పింది. "నోరు తెరువు! ముందున్న అక్కకు కండ్లు ముందరే ఉండాయి, ఎనక లేవు!" అని మైదానం అదిరేలా తిట్టేది. ఆ అక్కను నేనే. నాతో నేరుగా మాత్రం ఒక్క ముక్క కూడా మాట్లాడేది కాదు.

ఒక సాయంత్రం కుప్పం నుంచి తిరిగొస్తున్నాం. పలమనేరు దాటాక ఆమె ముందు సీటులోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"నువ్వు అబద్ధం చెప్పినావని అందరూ అన్న్యారు. మా మామ అన్న్యాడు, మా క్వారీ వాళ్లు అన్న్యారు. నేను ఒక్క దినం కూడా అట్ల అనుకోలా."

"మరి నాతో యాల మాట్లాడలేదే?"

"అదే కదా నా కోపం. నువ్వు అబద్ధం చెప్పుంటే నిన్ను బాగా తిట్టుకోని నా పాటికి నేను ఉండేదాన్ని. నువ్వు చెప్పింది నిజం. ఇంక ఎవరిని తిట్టాల నేను?"

సంచిలోంచి బొరుగుల పొట్లం తీసి ఇద్దరి మధ్యా పెట్టాను. పుంగనూరు వచ్చేదాకా తింటూ కూర్చున్నాం.

ఆ పైన రెండో సీజన్‌లో మేం మొదటి డివిజన్‌కు వెళ్లాం. మళ్లీ కుప్పంలోనే చివరి మ్యాచ్. ఆ రోజుకు నా మోకాలు పూర్తిగా అరిగిపోయింది, అదే నా చివరి సీజన్ అని నాకు తెలుసు. గోల్‌లో గుడుపల్లె పిల్ల. గోల్ వెనకాల, కోచింగ్ చొక్కా వేసుకుని, గొంతు పోయేలా అరుస్తూ మా కుప్పం పిల్ల. రెండు సున్నా. షావుకారు క్రేటు మీదికెక్కి నిలబడి కండువా తిప్పాడు. కింద పడితే నలుగురు పట్టుకున్నారు.

మీలో డిఫెండర్ కావాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఎక్కువేమీ లేదు. మనిషిని చూడండి, బంతి తర్వాత. మీ వెనక నుంచి వచ్చే గొంతును నమ్మండి. ఆ గొంతు ఒకరోజు తప్పుగా వినబడితే, అందరికంటే ముందు మీకే తెలుస్తుంది. అప్పుడు ఎవరు గెలుస్తున్నారో చూడకండి. చెప్పాల్సిన చోట చెప్పెయ్యండి. తర్వాత వచ్చేదాన్ని తట్టుకోవడానికి మీకు నడుము ఉంది, డిఫెండర్లకు అది గట్టిగానే ఉంటుంది.

ఆ రోజు విజిల్ మోగాక అందరూ గుడుపల్లె పిల్లను భుజాలకెత్తుకున్నారు. నేను స్తంభానికి ఆనుకుని బూటు లేసులు విప్పుకుంటున్నాను. కుప్పం పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. గాల్లోకి ఎగరేస్తున్న ఆ పిల్లనే చూస్తూ అంది.

"ఆ పొద్దు నువ్వు నన్ను పంపకుండా ఉంటే, ఈ పొద్దు ఆ భుజాల మింద నేనుండేదాన్ని."

"ఉండేదానివో లేదో" అన్నాను.

"తెలుసులే. ప్రాణంతో ఉండేదాన్నో లేదో గూడా తెలీదు. అయినా సరే, ఈ మాట నేను అంటానే ఉంటా అక్కా. ఏటా ఒకసారన్నా అంటా. నువ్వు పడాల."

"పడతా" అన్నాను.

ఇప్పుడు ఆమె కుప్పంలో కీపర్లకు ఆట నేర్పుతోంది. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి ఏడూ ఫోను చేస్తుంది. పిల్లల సంగతులు, మోకాలి సంగతులు, వాళ్ల అమ్మ పట్టుగూళ్ల సంగతులు అన్నీ అయ్యాక, "ఆ పొద్దు నువ్వు..." అని మొదలుపెడుతుంది. నేను మధ్యలో అడ్డం రాను. చివరిదాకా వింటాను.